మోసపు పట్టా రద్దు కావలసిందే! మోసపోయినవాని సొమ్ము తిరిగి రావలసిందే!

రైల్వే, తపాలా సోదర సోదరీమణులారా!

జంషెడ్‌పూరులో ముప్పది సంవత్సరాలు ప్రభుత్వ క్వార్టరులో కాపురముండి పదవీ విరమణ చేసే ఉద్యోగికి ఎదురయ్యే మొదటి సమస్య గూడు. కొద్ది నెలలలో క్వార్టరు ఖాళీ చేయవలె. పట్టణం నడిబొడ్డున కొందామంటే అక్కడి భూమిలో అధిక భాగం టాటా స్టీలు కంపెనీ లీజు క్రింద ఉన్నది. శ్రీకాకుళమో, విజయనగరమో తిరిగి పోదామంటే తాతల నాటి ఇంటిలో వాటాదారులు పది మంది. పిల్లలేమో ఇక్కడనే చదివి ఇక్కడనే స్థిరపడినారు. సరిగా ఆ సమయంలో దళారీ తలుపు తడతాడు. పరసుడీ, బాగ్‌బేరా, గోవింద్‌పూరు, మాంగో - ఏదో ఒక దిక్కు చూపుతాడు. రెండు కట్టాల స్థలమంటాడు, టాటానగర్ స్టేషనుకు దగ్గరంటాడు, రిజిస్ట్రీకి తనదీ పూచీ అంటాడు. గ్రాట్యుటీ సొమ్ము, ప్రావిడెంటు ఫండు సొమ్ము, ఇల్లాలి మెడలోని గొలుసు - అన్నీ ఆ రెండు కట్టాలలో కలిసిపోతాయి.

కొన్నాళ్లకు ఒక ఉదయం ఒక సంతాలు కుటుంబమో, భూమిజ కుటుంబమో, హో కుటుంబమో ఖతియాను నకలు చేత పట్టుకొని ఆ ఇంటి ముందుకు వచ్చి నిలుస్తుంది: "ఇది మా తాత పేరిట ఉన్న నేల. మేము ఎవరికీ అమ్మలేదు." దళారీ ఆ నాటికి కనబడడు.

మా సంఘ కార్యాలయానికి వచ్చే సభ్యుల కథలు అన్నీ ఈ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. వచ్చిన ప్రతి సభ్యుడూ అడిగేది ఒక్కటే: "సంఘం మా పక్షాన నిలవదా?" నిలుస్తుంది. కాని ఏ విధంగా నిలుస్తుందో ఈ వ్యాసంలో దాపరికం లేకుండా చెప్పదలచినాము. మన సభ్యులలో కొందరికి ఇది రుచించదని తెలిసియే చెబుతున్నాము.

మన మధ్య ఒక వాదం బలంగా వినబడుతున్నది. డబ్బిచ్చినాము, రిజిస్ట్రీ చేయించుకొన్నాము, లగాను రసీదు తెచ్చుకొన్నాము, ఇల్లు కట్టుకొన్నాము; కాబట్టి ప్రభుత్వం వీటన్నిటినీ క్రమబద్ధం చేయవలెనని ఆ వాదం. ఈ కోర్కెను సంఘం తీర్మానంగా చేయుమని ఒత్తిడి వస్తున్నది. మేము దీనిని వ్యతిరేకిస్తున్నాము. మోసంతో పుట్టిన పట్టా రద్దు కావలసిందే. ఆ భూమి ఎవరిదో వారికి చేరవలసిందే. మోసపోయిన ఉద్యోగికి న్యాయం జరగవలసినది దొంగ సొత్తును అతని పేర వ్రాయించుట ద్వారా కాదు, దొంగ చేతి నుండి అతని సొమ్ము కక్కించుట ద్వారా.

ఈ నేల చట్టం ఊరక రాలేదు

ఛోటానాగపూరు కౌలు చట్టం 1908లో వచ్చినది. అది పాలకుల దయాభిక్ష కాదు. 1831-32లో కోలు తిరుగుబాటు, 1899-1900లో బిర్సా ముండా నాయకత్వాన జరిగిన ఉల్‌గులాన్, 1900 జూన్ 9న రాంచీ జైలులో ఆ యువకుని మరణం - ఇంత రక్తం కారిన తరువాతనే ఆ చట్టం పుట్టినది. దాని 46వ సెక్షను ప్రకారం ఆదివాసీ రైతు తన భూమిని డిప్యూటీ కమీషనరు ముందస్తు అనుమతితో, అదే పోలీసు ఠాణా పరిధిలో నివసించే మరొక ఆదివాసీకి మాత్రమే అమ్మవచ్చును. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు క్రిందికి వచ్చే ప్రాంతం. ఇక్కడ భూమి కొనేవాడు ఈ చట్టాన్ని "తెలియదు" అని దాటవేయలేడు.

అదే 1908లో మరొక చట్టం కూడ వచ్చినది. అది రిజిస్ట్రేషను చట్టం. ఒక చట్టం భూమి చేతులు మారకుండా అడ్డుకొన్నది. రెండవది తన ముందుకు వచ్చిన కాగితానికి ముద్ర వేసినది. రిజిస్ట్రీ అనగా కాగితం నమోదు మాత్రమే, హక్కుకు హామీ కాదు. అమ్మేవానికి హక్కున్నదా లేదా అని తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదని సర్వోన్నత న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో మరల స్పష్టం చేసినది. అట్లే దాఖిల్-ఖారిజు కూడ శిస్తు వసూలు కొరకు చేసే పేరు మార్పే గాని యాజమాన్యానికి రుజువు కాదు. మన సోదరులు గుండెకు హత్తుకొని తిరిగే రెండు కాగితాల అసలు విలువ ఇది. దళారీకి ఈ సంగతి మొదటి నుండి తెలుసును. తెలియనిది మనకే.

మోసానికి ఎన్ని వేషాలు!

చట్టం ఎంత గట్టిదో, దానికి గండి కొట్టే తెలివి అంత పదునైనది. ఆదివాసీ నౌకరు పేరిట భూమి కొని, యజమాని అనుభవించుట ఒక పద్ధతి. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకొని "స్వాధీనం" ఇచ్చుట మరొకటి. అన్నిటికంటె నాజూకైనది న్యాయస్థానం ద్వారానే చేయించే మోసం. వాది, ప్రతివాది ముందే కూడబలుక్కొంటారు. దావా వేస్తారు. ఎదురు వాదన ఉండదు. డిక్రీ వస్తుంది. చట్టం నిషేధించిన అమ్మకం కోర్టు ముద్రతో ఇంటికి వస్తుంది! మరొక వేషం పాత జమీందారు ఇచ్చినట్లు చూపే హుకుంనామా. జమీందారీ పోయిన ఎన్నో ఏండ్లకు, పసుపు రంగు కాగితం మీద పాత తేదీ వేసి, ప్రభుత్వ భూమిని సొంతం చేసుకొనుట. బీహారు భూసంస్కరణల చట్టం (1950) చేసినవారు దీనిని ముందే పసిగట్టినారు. 1946 జనవరి 1 తరువాత చట్టాన్ని వమ్ము చేసే ఉద్దేశంతో జరిగిన బదిలీలను విచారించి రద్దు చేసే అధికారాన్ని 4(హెచ్) సెక్షను కలెక్టరుకు ఇచ్చినది.

ఇవి పాత కథలనుకోవద్దు. రాంచీలో సైన్యం స్వాధీనంలో ఉన్న 4.55 ఎకరాల భూమికి నకిలీ దస్తావేజులు పుట్టించినారన్న అభియోగంపై 2023లో అరెస్టులు జరిగినవి. అరెస్టయినవారిలో ఆ జిల్లాకు డిప్యూటీ కమీషనరుగా పనిచేసిన అధికారి కూడ ఉన్నారు. నేరం రుజువు కావలసినది న్యాయస్థానంలో. మేము ముందుగా తీర్పు చెప్పబోము. కాని సైన్యం కూర్చున్న నేలకే దొంగ కాగితం పుట్టవచ్చునని అభియోగం వచ్చిన చోట, చదువురాని రైతు ఎకరానికి రక్షణ ఏమున్నదో ఆలోచించండి.

తపాలా సోదరులకు ఇక్కడ ఒక మాట. ఏకపక్ష డిక్రీకి పునాది ఏమిటి? ప్రతివాదికి నోటీసు "అందినది" అన్న రుజువు. సరియైన చిరునామాకు తపాలాలో పంపిన నోటీసు అందినట్లే చట్టం భావిస్తుంది. "తీసుకొనుటకు నిరాకరించినాడు" అని కవరు మీద పోస్ట్‌మాన్ వ్రాసిన వాక్యం కూడ అందినదానితో సమానమే. 2025లో రిజిస్టర్డు తపాలా స్పీడు పోస్టులో కలిసిపోయినది గాని ఆ వాక్యపు బరువు తగ్గలేదు. ఊరిలోనికి పోకుండ, తలుపు తట్టకుండ, మధ్యలో కలిసిన పెద్దమనిషి మాట విని ఆ వాక్యం వ్రాస్తే ఒక కుటుంబం తన నేలపై హక్కును వినిపించుకొనే అవకాశం పోగొట్టుకొంటుంది. వేలకొలది పోస్ట్‌మాన్‌లు ఎండలో, వానలో నిజాయితీగా ఆ గడప వరకు నడుస్తున్నారు. ఆ నిజాయితీయే ఈ చట్టానికి మొదటి కావలి. దానిని ఎవరు కొనజూచినా, పై నుండి ఎవరు ఒత్తిడి చేసినా, సంఘానికి చెప్పండి. మేము వెనుక నిలుస్తాము.

కాలం గడిస్తే దొంగతనం దొరతనమవుతుందా?

1969లో బీహారు షెడ్యూల్డు ప్రాంతాల రెగ్యులేషను వచ్చి, కౌలు చట్టంలో 71-ఎ సెక్షనును చేర్చినది. చట్ట విరుద్ధంగా గాని, మోసపు పద్ధతిలో గాని, మోసంతో కుమ్మక్కుతో సంపాదించిన డిక్రీల ద్వారా గాని ఆదివాసీ భూమి పోయినట్లు "ఏ సమయంలోనైనా" తన దృష్టికి వస్తే, డిప్యూటీ కమీషనరు విచారించి ఆ భూమిని అసలు రైతుకు, లేదా అతని వారసునికి తిరిగి ఇప్పించవచ్చును. ఆదివాసీ భూమి విషయంలో స్వాధీన దావాకు పన్నెండేండ్ల గడువును ముప్పది ఏండ్లకు పెంచినదీ ఆ రెగ్యులేషనే.

ఆ సెక్షను నిర్దయమైనది కాదు. ఆక్రమణదారు ఇల్లు కట్టి ఉంటే, దాని విలువ చెల్లించి తీసుకొనే అవకాశం అసలు రైతుకు ఇచ్చినది. అతడు చెల్లించలేకపోతే కట్టడం తొలగించుకొనుటకు ఆరు నెలలు, అవసరమైతే రెండు సంవత్సరాల వరకు వ్యవధి ఇచ్చినది. 1969కి పూర్వమే పెద్ద కట్టడం కట్టుకొన్నవారి విషయంలో మాత్రం, సమాన విలువ గల భూమినో, పునరావాసానికి తగిన పరిహారమో ఇప్పించి బదిలీని ఖాయం చేయవచ్చునన్నది.

ఈ చిన్న మినహాయింపే పెద్ద ద్వారమైనది. పరిహారమిచ్చి భూమిని ఖాయం చేసుకొనే మార్గంగా దానిని వాడుకొంటున్నారని ఆదివాసీ సంఘాలు ఏండ్ల తరబడి మొత్తుకొన్నవి. 1969 తరువాత లేచిన ఇంటికి 1969కి పూర్వపు తేదీ వేస్తే చాలును! దొంగిలించిన వస్తువుకు ధర కట్టి దొంగకే అమ్మినట్లు. చట్టం ఇచ్చినది పునరావాసం. అమలులో జరిగినది బేరం.

ఇక "ఏ సమయంలోనైనా" అన్న మాట. 2004లో సీతూ సాహూ కేసులో సర్వోన్నత న్యాయస్థానం, ఆ మాటకు అంతులేని కాలమని అర్థం కాదని, అధికారాన్ని సహేతుకమైన వ్యవధిలోనే వాడవలెనని, నలుబది ఏండ్ల తరువాత కదిలించుట తగదని చెప్పినది. వివాదాలకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉండవలెనన్న సూత్రాన్ని మేము కాదనము. నలుబది ఏండ్లలో నాలుగు చేతులు మారిన ఇంటిలో నేడున్నవాడు నిద్రపోవద్దా అన్న ప్రశ్న కూడ న్యాయమైనదే. కాని ఆ కాలాన్ని ఎక్కడ నుండి లెక్కించవలె? మోసం జరిగిన నాటి నుండియా, మోసం తెలిసిన నాటి నుండియా? 1963 నాటి లిమిటేషను చట్టపు 17వ సెక్షను సమాధానం చెప్పియే ఉన్నది. మోసం బయటపడిన నాటి నుండి, లేదా తగు శ్రద్ధ వహిస్తే బయటపడగలిగిన నాటి నుండి గడువు మొదలవుతుంది. తన నేల మీద కాగితం పుట్టినదని రైతుకు తెలియకుండ దాచినవాడే, "ఇంత ఆలస్యమెందుకు చేసినావు?" అని అడుగుట ఏ నీతి?

మోసంతో సంపాదించిన డిక్రీ శూన్యమని, దానిని ఏ న్యాయస్థానంలోనైనా ప్రశ్నించవచ్చునని చెంగల్వరాయ నాయుడు కేసులో సర్వోన్నత న్యాయస్థానం 1993లో చెప్పినది. విశాఖపట్నం భూముల మీద నడిచిన పాపయ్య శాస్త్రి కేసులో 2007లో అదే సూత్రాన్ని మరల నిలబెట్టినది. ఈ సూత్రం లక్షాధికారుల దావాలో ఎంత పదునుగా పనిచేసినదో, ఒక హో రైతు దావాలోను అంత పదునుగా పనిచేయవలెనని మేము కోరుతున్నాము.

తెలుగువాడు గుర్తుంచుకోవలసినది

మన ప్రాంతంలో "ఒకటి బై డెబ్బది" అంటే తెలియనివారు లేరు. శ్రీకాకుళం కొండలలో సవరలు, జాతాపులు తమ నేల కొరకు లేచి నిలిచిన రోజుల వెనువెంటనే, 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషను 1970లో సవరించబడినది. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసే బాధ్యత అనుభవించేవానిదే. సర్వోన్నత న్యాయస్థానం 1988లో దీనిని సమర్థించినది. పార్వతీపురంలో 1/70ని గౌరవించే మనిషి టాటానగర్‌లో రైలు దిగగానే ఆ గౌరవాన్ని ప్లాట్‌ఫారం మీద వదిలిపెట్టవచ్చునా?

మనము ఈ నేలకు ఎట్లు వచ్చినామో కూడ గుర్తుంచుకొందాము. సాక్చి గ్రామమున్న చోట ఉక్కు కర్మాగారం లేచినది. 1912లో మొదటి ఉక్కు వచ్చినది. 1919లో ఊరి పేరు జంషెడ్‌పూరు, కాళీమాటి స్టేషను పేరు టాటానగర్ అయినవి. బెంగాల్ నాగపూర్ రైల్వే మన తాతలను పని కొరకు ఇక్కడికి తెచ్చినది. మనకు బ్రతుకు దొరికినది. ఆ పొలాలు దున్నినవారి మనుమలు అదే యార్డులో మన ప్రక్కన సుత్తి పట్టినారు. వి.వి. గిరి గారు ఆ రైల్వే కార్మికులను సంఘటితం చేసిన నాడు సంఘం తలుపు వద్ద ఎవరి ఖతియానూ అడగలేదు. 1974 మే సమ్మెలో క్వార్టర్ల నుండి మన కుటుంబాలను సామానుతో సహా వీధిలోనికి నెట్టినారు. ఇల్లు పోవుట అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ బాధ తెలిసినవారమే మరొకరి నేల మీద కూర్చుండి "మాకు క్రమబద్ధం చేయండి" అని అడుగుట సంఘానికి తగదు.

మరి మోసపోయిన మన సోదరుని గతి?

"మీ సూత్రాలు బాగున్నవి, మా గ్రాట్యుటీ ఎవరు ఇస్తారు?" - ఈ ప్రశ్నను దాటవేసే సంఘం సంఘమే కాదు.

మొదట ఒక నిజం ఒప్పుకొందాము. మనలో తెలియక కొన్నవారు ఉన్నారు. తెలిసి, ధర చౌకని, "అందరూ కొంటున్నారు గదా" అని కొన్నవారూ ఉన్నారు. ఆదివాసీ సహోద్యోగి పేరు అరువు తెచ్చుకొని కొన్నవారూ లేకపోలేదు. తెలిసి కొన్నవానికి సంఘం జెండా నీడనివ్వదు. తెలియక కొన్నవానికి మాత్రం చట్టంలో దారి ఉన్నది. అమ్మేవాడు తనకు హక్కున్నదని మాట ఇచ్చినట్లే ఆస్తి బదలాయింపు చట్టపు 55వ సెక్షను భావిస్తుంది. చెల్లని ఒప్పందమని తరువాత తెలిసినపుడు, పుచ్చుకొన్న లాభం తిరిగి ఇవ్వవలెనని కాంట్రాక్టు చట్టపు 65వ సెక్షను శాసిస్తుంది. మోసం, దస్తావేజు కల్పన నేరాలు. కాబట్టి అడగవలసినది భూమి కాదు, సొమ్ము. అడగవలసినది ఆదివాసీని కాదు, దళారీని, అతని వెనుక వాటా పంచుకొన్నవారిని.

నేటి పద్ధతి ఏమిటి? రద్దు ఉత్తర్వు వచ్చిననాడు బుల్డోజరు గేట్‌మాన్ ఇంటికి దారి కనుగొంటుంది. దళారీ మేడకు దారి దానికి తెలియదు. ముద్ర వేసిన గుమాస్తా బదిలీతో బయటపడతాడు, సంతకం పెట్టిన అధికారి పదోన్నతితో బయటపడతాడు. కాగితం రద్దయి, కాగితం పుట్టించినవాడు క్షేమంగా ఉంటే ఆ రద్దు సగం న్యాయమే. రెండవ సగం కొరకే మన పోరాటం.

2016 నవంబరులో ఝార్ఖండు శాసనసభ కౌలు చట్టానికి సవరణలు ఆమోదించినది. 71-ఎ లోని పరిహారపు బేరాన్ని తీసివేస్తామన్న మంచి మాటతో పాటు, వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మళ్లించే వెసులుబాటును కూడ అదే మూటలో కట్టినారు. ప్రజలు ఆ మూటను గుర్తుపట్టినారు, వీధులకెక్కినారు. 2017లో గవర్నరు ఆ బిల్లును వెనుకకు పంపినారు; ప్రభుత్వం ఉపసంహరించుకొన్నది. ఈ ఘటన ఒక పాఠం చెబుతున్నది: మంచి సవరణ ఒంటరిగా రావలె, చెడుకు ముసుగుగా కాదు.

మా కోర్కెలు ఇవి:

1. మోసం రుజువైన ప్రతి పట్టా, జమాబందీ, కుమ్మక్కు డిక్రీ రద్దు కావలె. భూమి కాగితం మీద గాక, కొలిచి హద్దులు వేసి అసలు కుటుంబానికి స్వాధీనం చేయవలె.

2. రద్దు చేసే ఉత్తర్వులోనే దళారీని, నకిలీ అమ్మకందారుని, తోడ్పడిన అధికారిని పేర్కొని, వారి ఆస్తి నుండి తెలియక కొన్నవారి సొమ్ము వసూలుకు చర్య ప్రారంభించవలె.

3. మోసం తెలిసిన నాటి నుండియే గడువు లెక్కించవలెనని 71-ఎ లో స్పష్టంగా వ్రాయవలె. 1969 మినహాయింపు చాటున జరిగిన ఖాయాలను పునర్విచారించవలె.

4. షెడ్యూల్డు ప్రాంతంలో రిజిస్ట్రీకి ముందు ఖతియాను, 46వ సెక్షను అనుమతి పరిశీలించుటను చట్టం ద్వారా తప్పనిసరి చేయవలె. హక్కు తేల్చుట సబ్ రిజిస్ట్రారు పని కాకపోవచ్చును. నిషేధం కంటబడకుండ పోవుట మాత్రం ఎవరి పనీ కారాదు.

5. పదవీ విరమణ చేసే రైల్వే, తపాలా ఉద్యోగులకు వివాదం లేని భూమిలో సహకార గృహవసతి కల్పించవలె. గూడు లేని భయమే దళారీకి పెట్టుబడి.

సోదరులారా, మీలో ఎవరైనా స్థలం కొనబోతుంటే బయానా ఇవ్వకముందే ఖతియాను తీయించి, అందులో ఎవరి పేరున్నదో చూడండి. చదవలేకపోతే సంఘ కార్యాలయానికి తెండి. ఇదివరకే కొని చిక్కుకొన్నవారు కాగితాలు దాచుకోక పట్టుకొని రండి. ఆ ఇంటి ముందు నిలిచిన ఆదివాసీ కుటుంబం మీ శత్రువు కాదు. మీ ఇద్దరినీ దోచినవాడు ఒక్కడే. అతని మీద వేసే ఫిర్యాదులో రెండు కుటుంబాల సంతకాలూ ప్రక్కప్రక్కన ఉండవలె. ఆ కాగితాన్ని ఏ కార్యాలయమూ తేలికగా త్రోసివేయలేదు.

మోసపు పట్టాలు రద్దు కావలె!
దున్నినవాని నేల దున్నినవానికి చేరవలె!
కష్టార్జితం దోచినవాడు కక్కవలె!
కార్మిక, ఆదివాసీ ఐక్యత వర్ధిల్లాలి!